ఇస్తారి తోలుకొచ్చిన బర్రె

తండ్రి చేసిన అప్పు కింద ఇస్తారి సిద్దిపేటలో ఒక షావుకారు దగ్గర జీతగాడయ్యాడు. అప్పు తీర్చలేనివాళ్లు జప్తుకు భయపడి గొడ్లను పక్క ఊళ్లలో దాచేవారు. అవి ఎక్కడున్నాయో కనిపెట్టడమే అతని పని. అతను కనబడితే ఆడవాళ్లు మాటలు ఆపేసి లోపలికి పోయేవారు.

1943 ఎండాకాలంలో షావుకారు అతన్ని మద్దూరు పంపాడు. అక్కడ అప్పు పడ్డది ఇస్తారి చెల్లెలు ఐలవ్వ. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఒక్క పాడిబర్రె. అది కొట్టంలో లేదు.

“అమ్ముకున్ననే అన్నా. ఇప్పుడు ఏడున్నదో నాకెరుక లేదు,” అన్నది ఐలవ్వ.

అబద్ధమని ఇస్తారికి తెలుసు. అయినా వెంట వచ్చిన గుమాస్తాతో, “అయ్యా, గీడ ఏం లేదు, పోదాం” అన్నాడు.

తిరుగుదారిలో వాగు పక్కన ఎవరివో గొడ్లు మేస్తున్నాయి. ఒక బర్రె మందలోంచి విడివడి నేరుగా వచ్చి ఇస్తారి చెయ్యి నాకింది. దుడ్డెగా ఉన్నప్పుడు దాన్ని సాకి, చెల్లెలి పెండ్లికి ఇచ్చింది అతనే. ఎంత తోసినా అది కదలలేదు.

“నిన్ను మంచిగనే గుర్తు పట్టింది గదరా,” అన్నాడు గుమాస్తా. “ఎవ్వలది?”

అది ఐలవ్వదేనని గుమాస్తాకు తెలిసిపోయింది. గుమాస్తా పగ్గం అతని చేతికే ఇచ్చాడు. సిద్దిపేట దాకా అతనే దాన్ని తోలుకొచ్చాడు.

మరునాడు ఇస్తారి షావుకారు కాళ్లు పట్టుకున్నాడు. “నన్ను వేరే పనిల పెట్టుండ్రి, అయ్యా.”

“మీ బాపు అప్పు కట్టి పోరా,” అన్నాడు షావుకారు.

ఐలవ్వ కూలికి పోయి బతికింది. అన్న గడప మళ్లీ తొక్కలేదు. ఇస్తారి ఒళ్లు సహకరించినన్నాళ్లు ఆ ఊళ్లు తిరుగుతూనే ఉన్నాడు, ఒక్క మద్దూరు దారిలో మాత్రం తల ఎత్తకుండా.