పూర్ణం బన్నులూ, నా ఉపన్యాసమూ

ఆ రోజుల్లో నాకు కోపం ప్రత్యేకంగా రావలసిన పని లేదు, ఎప్పుడూ ఉండేది. పొద్దున నాతోపాటే నిద్ర లేచి, నాతోపాటే పళ్ళు తోముకునేది. గుంటూరులో మా నాన్న నడిపిన చర్చామండలిలో పన్నెండేళ్ళ వయసు నుంచీ ప్రతి ఆదివారం జాతకాల మీదా శకునాల మీదా వాదించి పెరిగినవాణ్ణి. ఎదుటివాడి మాటలో తప్పు చూపిస్తే చాలు, వాడు ఇంటికి వెళ్ళి మారిపోతాడని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇంత పెద్ద మూఢనమ్మకం మా మండలి ఖండించిన జాబితాలో ఎందుకు లేదో ఇప్పటికీ అర్థం కాదు.) రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని ప్రపంచమంతా వణుకుతున్న కాలం అది. ఆ తేదీలు సరిచేసే పనికి ఇరవై నాలుగేళ్ళ వయసులో సింగపూరులో దిగాను. మా టీమ్ లీడరు గోదావరి జిల్లావాడు. ఎంత చిక్కు ప్రోగ్రామైనా అరగంటలో విప్పేవాడు, విప్పినదాన్ని మిషన్‌లోకి ఎక్కించే ముందు మాత్రం పంచాంగంలో వర్జ్యం చూసుకునేవాడు. హౌగాంగ్‌లో ఒక పాత బ్లాకులో ఆయన ఫ్లాటులోనే ఒక గది నాకు అద్దెకిచ్చారు. ఆయన్ని అన్న అనీ, ఆయన భార్యను వదిన అనీ పిలిచేవాణ్ణి.

వదిన పెళ్ళికి ముందు భీమవరంలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పింది. భర్త వీసా మీద వచ్చింది కనుక ఇక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. రెండేళ్ళుగా ఆమెను ఎవరు పరిచయం చేసినా 'ఫలానా ఆయన మిసెస్' అనే చేశారు. పక్క ఫ్లాటులో ఒక చైనా పెద్దాయన ఉండేవాడు, ఏళ్ళ తరబడి రొట్టెల దుకాణంలో పనిచేసి మానేసినవాడు. ఆయన ఒకరోజు వదినకు ఒక గాజు సీసా ఇచ్చాడు. అందులో తెల్లగా, పుల్లటి వాసనతో, బుడగలు వేస్తూ జారు పిండి. "డైలీ ఫీడ్ లా. నెవర్ డై వన్," అన్నాడు. రోజూ కాస్త పిండీ నీళ్ళూ పెడితే చాలు, ఇది చావదని. ఈస్ట్ పొడి అక్కర్లేకుండా ఆ పిండే రొట్టెను పొంగిస్తుంది. ఈ మధ్య దానికి సవర్‌డో అని పేరు పెట్టి గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ, వదిన దాన్ని 'తోడు' అనేది, పెరుగు తోడు లాగా. బల్ల మీద పెట్టుకునే చిన్న అవెన్‌లో ప్రతి ఆదివారం రొట్టె కాల్చేది. మొదటి రెండు వారాలూ ఆ రొట్టెతో గోడకు మేకు కొట్టుకోవచ్చన్నట్టు ఉండేది. మూడో నెలకు దాన్ని ముట్టుకుంటే వేలు దిగి, మళ్ళీ పైకి లేచేది. ఆ పిండిలోనే కొబ్బరీ బెల్లమూ యాలకులూ కలిపిన పూర్ణం పెట్టి బన్నులు చేయడం కనిపెట్టింది. దసరా దాటాక వచ్చే ఆదివారం మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో, తెలుగు కుటుంబాలు తలా ఒక పిండివంట తెచ్చుకుని కలుసుకునేవి. ఆ ఏడు అక్కడికి ఆ బన్నులు తీసుకెళ్ళాలని వదిన పంతం. "అరిసెలు అందరూ తెస్తారు. ఇవి మాత్రం నావి," అంది.

ఇంతలో అన్న తల్లి మూడు నెలలకని వచ్చింది. నేను పెద్దమ్మ అనేవాణ్ణి. నా చొక్కా గుండీ ఊడితే అడక్కుండానే కుట్టిపెట్టేంత మంచిది, చెడు ఆచారం మంచివాళ్ళ చేతుల్లో ఉన్నప్పుడే ఎక్కువ కాలం బతుకుతుందని నాకు నేర్పినంత మంచిది. వచ్చిన నెలలోనే వదినకు ఆ మూడు రోజులు వచ్చాయి. వంటింట్లోకి రాకూడదు, హాల్లో చాప, విడిగా కంచం. నాకు అక్కడే నెత్తురు మరిగింది. అయితే ఆ పాత ఫ్లాట్లలో బాత్‌రూము వంటింటి వెనక ఉంటుంది, వంటిల్లు దాటకుండా అక్కడికి వెళ్ళే దారి లేదు. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, హాలు గుమ్మం నుంచి బాత్‌రూము గుమ్మం దాకా వార్తాపత్రికలు పరిచింది. కోడలు వాటి మీదే అడుగువేసి వెళ్ళాలి, వాటి మీదే తిరిగి రావాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషి షేర్ మార్కెట్ వార్తల మీద మునివేళ్ళతో నడిచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

"పెద్దమ్మా, కాగితం సరస్వతి అంటారు కదా. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు కదా. మరి దాని మీద నడవమంటారేంటి?" అన్నాను, మండలిలో ప్రత్యర్థిని మూలకు తోసినప్పటి చిరునవ్వుతో.

పెద్దమ్మ కూర కలుపుతూ వెనక్కి కూడా తిరగలేదు. "అది ఇంగ్లీషు పేపరులే బాబూ."

పన్నెండేళ్ళ వాదనల్లో అలాంటి జవాబు నాకెప్పుడూ తగల్లేదు. ఆ మూడు రోజులూ సీసాకు తిండి పెట్టే పని నాది. వదిన హాల్లోంచి చెబుతుంటే నేను కలిపేవాణ్ణి, పెద్దమ్మ మమ్మల్నిద్దర్నీ అనుమానంగా చూసేది.

దసరా వచ్చింది. ఆదివారం కలుసుకుంటామనగా శనివారం పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి వదిన ఒక చేత్తో పొట్ట పట్టుకుని మాత్ర మింగుతోంది. ముందు బేసినులో పిండి. నేల మీద పేపర్లు లేవు. నాకు అర్థమైంది. నాకు అర్థమైనట్టు ఆమెకూ అర్థమైంది.

"ఎవరితోనూ అనకు. కూర్చుని కొబ్బరి తురుము," అంది మెల్లగా.

"అనను."

"తర్కం బాబూ, నీ సంగతి నాకు తెలుసు. మాటివ్వు."

మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం వాయిడ్ డెక్‌లో అరిసెలూ జంతికలూ సున్నుండలూ ఎవరూ పట్టించుకోలేదు. అందరూ బన్నుల పళ్ళెం చుట్టూ మూగారు. పాసిర్ రిస్ నుంచి వచ్చిన ఒకావిడ ఎలా చేయాలో కాగితం మీద రాసుకుంది. పక్కింటి అంకుల్ కుర్చీ వేసుకుని పళ్ళెం పక్కనే కూర్చున్నాడు. పెద్దమ్మ స్వయంగా రెండు తిని, "మా కోడలు" అని ముగ్గురికి చెప్పింది. నేను దూరంగా నిలబడి సంతోషించాను, అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణే కాదు. సంఘం పెద్దాయన ఒకరు బన్ను విరిచి లోపల దూది లాంటి పొరలు చూపిస్తూ, "ఇంత బాగా ఎలా పొంగాయమ్మా?" అని అడిగారు. వదిన నోరు తెరిచేలోగా పెద్దమ్మ అందుకుంది. "మడిగా చేసిందండీ. ఇంట్లో అంటు కలిస్తే ఈ పిండి చచ్చిపోతుంది. నేనుండి చూసుకున్నాను కదా."

తర్వాత జరిగినదానికి సాకు చెప్పను. అక్కడ సిమెంటు చదరంగం బల్ల పక్కన గుండ్రటి సిమెంటు స్టూలుంటే దాని మీదికెక్కాను. "మీరందరూ తెలియకుండానే ఒక శాస్త్రీయ ప్రయోగంలో పాల్గొన్నారు," అని మొదలుపెట్టాను. పిండిని పొంగించేవి కంటికి కనిపించని జీవులనీ, వాటికి పిండీ నీళ్ళూ తప్ప మన మడీ మైలా తెలియవనీ చెప్పాను. ఋజువు ఏదీ అని మీరు అడగవచ్చునన్నాను. (ఎవరూ అడగలేదు.) ఋజువు మీ చేతుల్లోనే ఉందన్నాను. చూపుడు వేలితో వదినను చూపించి, ఆమెకు నిన్నటి నుంచీ ఏమిటో, నలభై మంది ముందు, శుద్ధమైన తెలుగులో చెప్పాను.

నేను చప్పట్ల కోసం ఆగాను. కాగితం పళ్ళేలు ఒక్కొక్కటిగా బల్ల మీదికి దిగాయి. పెద్దమ్మ చేతిలో మిగిలిన సగం బన్ను వంక ఒకసారి చూసి, దాన్ని పళ్ళెం అంచున పెట్టి, లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. అన్న పైకప్పు చూస్తూ నిలబడ్డాడు, ఆ కప్పులో ఆయనకేదో వర్జ్యం కనిపిస్తున్నట్టు. రెండువేల సంవత్సరపు చిక్కును విప్పడానికి పిలిపించుకున్న మేధావులందరూ బెల్లం వేళ్ళను చేతిరుమాళ్ళకు తుడుచుకున్నారు. వాళ్ళ మీద ఆ రోజు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. ముక్క తెలుగు రాని పక్కింటి అంకుల్ ఒక్కడే మూడో బన్ను తీసుకుని, "వై ఆల్ స్టాప్ మకాన్?" అని అడిగాడు. తినడం ఎందుకు ఆపారని. ఆ రోజంతటిలో హేతుబద్ధమైన ప్రశ్న అదొక్కటే.

వదిన పళ్ళెం మీద మూత పెట్టి, గిన్నెలు సర్దేసి, లిఫ్టు దగ్గర నాతో మాట్లాడింది.

"గెలిచావా?"

"వదినా, నేను చెప్పింది నిజమే కదా."

"నిజమే. కానీ ఆ నిజం నాది. నీదెప్పుడైంది?"

నేను లిఫ్టు బటను ఇంకోసారి నొక్కాను.

"చెప్పాలనుకుంటే నేను చెప్పలేనా? నాకు నోరు లేదా? ఇందాక ముగ్గురు నా పేరేంటని అడిగారు. రెండేళ్ళలో మొదటిసారి. ఇప్పుడు నేనేంటి వాళ్ళకి? నీ ఋజువు."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. నన్ను రావద్దని అనలేదు, కానీ నేను మెట్లెక్కి వెళ్ళాను. తొమ్మిదో అంతస్తు. పైకి చేరేసరికి వంటింటి చెత్త గొట్టంలోకి సీసా జారి, కింద పగిలిన చప్పుడు వినిపించింది. పెద్దమ్మ చేతులు కడుక్కుంటోంది. వదిన పళ్ళెం మూత తీసింది. సగం పైగా మిగలాల్సిన బన్నులు అందులో రెండే ఉన్నాయి. చెత్తబుట్టలో వేశారేమోనని నేను కిందికి పరుగెత్తి వెతికాను. (ఆ సాయంత్రం హౌగాంగ్‌లో ఒక హేతువాది చెత్తబుట్టలు కెలకడం కొందరు చూశారు.) అక్కడ లేవు.

ఎక్కడికి పోయాయో వారం తర్వాత తెలిసింది. పాసిర్ రిస్ ఆవిడ వదినకు ఫోన్ చేసింది. సర్దుకునేటప్పుడు ఆడవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు హ్యాండ్‌బ్యాగుల్లో వేసుకుని వెళ్ళారట. "మా ఇంట్లో ఆ మూడు రోజుల సంగతి నేను చెప్పడం మానేసి నాలుగేళ్ళయింది వదినా. ఎవరికీ ఏం కాలేదు. మీ మరిది ఉపన్యాసం విన్నాక మా అత్తగారు క్యాలెండరు మీద గీతలు పెట్టడం మొదలెట్టింది," అందట. నేను వెలిగిద్దామనుకున్న దీపాలు ఆ ఇళ్ళలో ముందే చాటుగా వెలుగుతున్నాయి. నేను వెళ్ళి వాటి మీద గట్టిగా ఊదాను. నా వల్ల ఎన్ని వంటిళ్ళలో కొత్తగా పేపర్లు పరిచారో తలుచుకుంటే, పెద్దమ్మ మీది కోపంలో సగం నా మీదికే తిరుగుతుంది.

తోడు మాత్రం చావలేదు. పెద్దమ్మ విమానమెక్కిన మర్నాడే వదిన పక్కింటి తలుపు తట్టింది. అంకుల్ తన సీసాలోంచి ఒక గరిటెడు తీసి ఇచ్చాడు. ఇప్పుడు వదిన సెంగ్‌కాంగ్‌లో తన ఇంట్లో రొట్టెల క్లాసులు చెబుతుంది. వచ్చినవాళ్ళందరూ ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ఆమే ఇప్పుడు అత్తగారు. వాళ్ళింటి బాత్‌రూము వంటింటి వెనకే ఉన్నా, నేల మీద పేపరు నేనెప్పుడూ చూడలేదు. మొన్న దసరాకు నాకు ఆరు బన్నులు పంపి ఫోన్ చేసింది.

"తిని ఊరుకో," అంది.

ఊరుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన వ్రతం ఇంకొకటి చేయలేదు. నాలుగు రోజులాగి, ఈ సంగతి రాయవచ్చా అని ఆమెను అడిగాను. ఆమె గిన్నెలు కడుగుతూనే జవాబిచ్చింది.

"ఇన్నేళ్ళకైనా అడగడం నేర్చుకున్నావు. రాయి. కానీ ఉపన్యాసం వద్దు, బన్నుల గురించి రాయి."

సరేనని మాటిచ్చాను. పైనుంచి మళ్ళీ చదువుకుంటే, బన్నులు కొంచెమూ ఉపన్యాసం చాలానూ కనిపిస్తున్నాయి. ఆ సిమెంటు స్టూలు మీద నిలబడిన కుర్రాడు ఇంకా దిగినట్టు లేడు. చెయ్యి పట్టుకుని దింపుదామని చూస్తున్నాను, వాడు వినడం లేదు.