చదివి వినిపించినవాడి సంతకం

మొన్న మధ్యాహ్నం ఎమ్మిగనూరులో, నేను అద్దెకుంటున్న ఇంటి అరుగుమీద కూర్చుని ఉండగా ఫోనుకు ఒక లింకు వచ్చింది. హాలహర్వి వైపు గుట్టకింద మా వంశానికి మిగిలిన ఆఖరి భూమి చెక్క, రాళ్ళు తప్ప ఏమీ పండని నేల, దాన్ని సౌరవిద్యుత్తు కంపెనీ ఒకటి లీజుకు అడుగుతోంది. ఒప్పందం మొత్తం ఆ లింకులోనే ఉందట. వేలితో పైకి తోస్తూ పోతే ఎంతకీ తరగని ఇంగ్లీషు, అన్నిటికన్నా అడుగున ఒక చిన్న గడి, ఆ గడి పక్కన తెలుగులో ఒకే ఒక్క వాక్యం: చదివి అర్థం చేసుకున్నాను. ఆ వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది, ఫోను అరుగుమీద బోర్లా పెట్టేశాను. ఇంత వయసొచ్చాక ఒక గడిని చూసి ఇంత భయమెందుకని మా ఇంట్లో నవ్వారు. నా ఈడువాళ్ళు నవ్వరని నాకు నమ్మకం, అందుకే ఇది రాస్తున్నాను.

మా తాత కాలంలో ఆదోనిలో మా గడప ముందు బండివాళ్ళు బండి దిగి నడిచి పోయేవారని పెద్దలు చెప్పగా విన్నాను. నేను కళ్ళారా చూసింది వేరు. పత్తి మిల్లు పెట్టిన ఒక స్నేహితుడి అప్పుకు మా తాత జామీను ఉన్నాడు. స్నేహితుడు తెచ్చిన కాగితాన్ని చదవడమంటే అతణ్ణి అవమానించడమని ఆయన లెక్క, అందుచేత మడత కూడా విప్పకుండా కింద సంతకం పెట్టాడు. మిల్లు మూతపడింది, స్నేహితుడు ఊరు విడిచాడు, జామీను మా మెడకు చుట్టుకుంది. మా ఇంటి ముందు తప్పెట కొట్టి వేలం చాటించిన రోజు, నేను మా నాయన పక్కన గుమ్మంలో నిలబడి ఉన్నాను. వీధి వీధంతా చూస్తున్నా మా నాయన తల వంచలేదు, మొహంలో ఒక్క గీత కదలనివ్వలేదు. ఆయన చేయి నా చేతిలో వణుకుతున్న సంగతి నాకొక్కడికే తెలుసు. ఆ సాయంత్రమే ఆయన ఒక కట్టడి పెట్టాడు, మన ఇంటివాళ్ళు ఎవరూ ఇంకొకరి కాగితం కింద పేరు రాయకూడదని. సాక్షి సంతకానికి కూడా మా ఇంటికి ఎవరూ రాకుండా పోయారు.

అటువంటి ఇంటివాణ్ణి, బి.ఏ. చదివి, పొట్టకూటికి ఆదోనిలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేరాను. నా బల్ల మీద ఇతరుల కాగితాలు గుట్టలుగా ఉండేవి, నేను వాటిని చదివేవాణ్ణి, వరుసలో పెట్టేవాణ్ణి, కుట్టేవాణ్ణి, సంతకం మాత్రం ఒక్కదాని కిందా పెట్టలేదు. కక్షిదారులు చేతిలో పెట్టబోయే చిల్లరా పుచ్చుకోలేదు. పడిపోయిన ఇంటికి వీపు నిటారుగా ఉంచుకోవడం తప్ప వేరే ఆస్తి ఏముంటుంది?

అలా జుట్టు నెరిసే దాకా గడిచింది. అప్పుడు మా మెట్ట గుట్టల మీదికి గాలిమరలు వచ్చాయి. మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ తెల్లటి రెక్కల్ని మోసుకుంటూ పొడవాటి లారీలు ఆదోని వీధుల మలుపుల్లో ఇరుక్కుపోతే, పనులు మానుకుని చూడడానికి పోయేవాళ్ళం. రెక్కలు రాకముందు న్యాయవాదులు వచ్చారన్నది మాత్రం తక్కువమందికి తెలుసు. కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి ఒక పెద్ద లా ఫర్మ్, కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు తరఫున ముంబయి నుంచి ఇంకో లా ఫర్మ్. ఏ గుట్టకింద ఏ చెక్క ఎవరిది, పొత్తులున్నాయా, తగాదాలున్నాయా అని వాళ్ళు గాలించిన తీరు చూస్తే గాలి అమ్ముకోవడానికి ఇంత నేల తవ్వాలా అనిపించేది. స్థానికంగా ఆ పని మా ప్లీడరుగారికి అప్పగించారు.

లీజు కాగితాలన్నీ ఇంగ్లీషులో. భూములిచ్చే రైతుల్లో ఎక్కువమంది వేలిముద్రల వాళ్ళు. అందుచేత ప్రతి లీజు అడుగున ఒక వాక్యం ఉండేది: ఈ ఒప్పందాన్ని వీరికి తెలిసిన భాషలో చదివి వినిపించి వివరించినాను, వీరు అర్థం చేసుకున్న పిమ్మటే వేలిముద్ర వేసినారు. దాని కింద, చదివినవాడి సంతకం. ముంబయి వాళ్ళు అన్నిటికన్నా ముందు ఆ సంతకమే చూస్తారని, అది లేకపోతే బ్యాంకు పైసా వదలదని హైదరాబాదు నుంచి వచ్చిన లాయరమ్మాయి చెప్పింది.

ఆ చదివేవాడుగా ప్లీడరుగారు నన్ను పెట్టారు. నేను కుదరదన్నాను. మా నాయన కట్టడి సంగతి చెప్పాను. ప్లీడరుగారు అంతా విని, మీ తాత తన ఇల్లు పోయినా జామీను మాట తప్పలేదని ఆ పల్లెల్లో ఇంకా చెప్పుకుంటారు, మీరు చదివితేనే నమ్ముతారు, మీరు కాదంటే కంపెనీ ఏజెంటు తన బావమరిదిని కూర్చోబెడతాడు, వాడు చదవకుండానే చదివినానని రాస్తాడు, ఇక మీ ఇష్టం అన్నారు. ఏ సంతకం మమ్మల్ని ముంచిందో ఆ సంతకమే నాకు ఈ గౌరవం తెచ్చిపెట్టిందని అప్పుడు తెలిసింది. ఒప్పుకున్నాను.

మొదటి పల్లెకు పోయే ముందురోజు కాగితం తీసుకుని ఒక్కో మాటా చదువుతూ పోయాను. మధ్యలో ఒకచోట ఆగి, ఆ వాక్యాన్నే మళ్ళా చదివాను. లీజు కాలమంతా, కంపెనీ రాతమూలకంగా ఒప్పుకుంటే తప్ప, ఆ చేనులో రైతు అడుగుపెట్టకూడదు, ఏదీ పండించకూడదు అని ఉంది. చేనంటే గాలిమర కింది జాగా కాదు, రైతు రాసిచ్చే మొత్తం పొలం. మిగతా చేనంతా మామూలుగా విత్తుకోవచ్చని ఏజెంటు ఊరంతా తిరిగి చెప్పాడు, ఇది దానికి పూర్తిగా విరుద్ధం. నేను చదివితే ఊరు లేచిపోతుంది, పని చెడుతుంది, నా కూడూ పోతుంది. చదవకుండా సంతకం పెడితే మా తాత చేసిందే నేనూ చేసినట్టు, కాకపోతే ఆయన తన ఇంటిని ముంచుకున్నాడు, నేను ఇంకొకరి ఇళ్ళు ముంచుతాను.

పల్లెలో పాలకేంద్రం వరండాలో బల్ల వేశారు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాను, ఇచ్చిన టీ ముట్టలేదు. ఏజెంటు నా చెవి దగ్గరికి వంగి, "సామీ, అంత ఇడమర్చి చెప్పనక్కర్లే. పైపైన చెప్పి కానీయ్. ఎండ ముదురుతాంది, జనాలకు ఓపికుండదు" అన్నాడు. నేను అతని వైపు చూడలేదు.

మొదటి చేను ఒక ముసలవ్వది, ఏటా బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తే చేను. ఆమెకు భర్త లేడు, కొడుకు పక్కనే నిలబడ్డాడు. ఆమె అప్పటికే బొటనవేలు ఇంకు ప్యాడుకు అద్దుకుని సిద్ధంగా ఉంది. నేను మొదటి నుంచి చదివాను. ఆ వాక్యం వచ్చింది. చదివాను, ఇంగ్లీషులో ఏముందో తెలుగులో అంతే చెప్పాను, ఎక్కువా లేదు తక్కువా లేదు.

ముసలవ్వ ముందుకు చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

"మా సేన్లోకి మేం రాకూడదా? బుడ్డలు యాడ ఇత్తుకోవాలప్పా మరి? నీ బల్లమీదనా?"

వరండా అంతా ఒక్కసారిగా లేచింది. ఏజెంటు అలాంటిదేమీ లేదని అరుస్తున్నాడు, కొందరు అతన్ని పట్టుకున్నారు. కాని ఎక్కువమంది కోపం నామీదికే తిరిగింది, ఎందుకంటే లీజు డబ్బు మీద బోర్లు, పెళ్ళిళ్ళు, బాకీలు అన్నీ అప్పటికే అనుకుని పెట్టుకున్నారు. ఒకడు బల్ల మీద చరిచి, "ఏం సామీ, మీ తాత సదవకుండా మునిగినాడు, నువ్వు సదివి మమ్మల్ని ముంచేకి వచ్చినావా?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. నేను వీపు వంచలేదు.

మాతో వచ్చిన లాయరమ్మాయి మొహం పాలిపోయింది. ఆమె ఎండలోకి పోయి హైదరాబాదుకు ఫోను చేసింది, హైదరాబాదువాళ్ళు ముంబయివాళ్ళను అడగాలన్నారు, ముంబయివాళ్ళు చూసి చెబుతామన్నారు. అలా మొదలైన నిరీక్షణ, ఆ వేలం తప్పెట రోజు తరువాత నా జీవితంలో అన్నిటికన్నా పొడవైనది. ఈ పల్లెనే వదిలేసి కంపెనీ వేరే గుట్టలకు పోతుందని ఏజెంటు గుంపు గుంపుకూ చెప్పి తిరుగుతున్నాడు. పోతే ఈ ఊళ్ళో తరతరాలు మా ఇంటిపేరును ఏమని తలుచుకుంటారో నేను ఊహించుకుంటున్నాను. ముసలవ్వ మాత్రం స్తంభానికి ఆనుకుని, ఇంకంటిన బొటనవేలు కోకకు తగలకుండా పైకెత్తి పట్టుకుని కూర్చుంది. తుడుచుకోమని కొడుకు విసుక్కుంటే, "ఉండనీరా. ఏసేదో లేదో తేలనీ" అంది.

పొద్దు వాలి, పాలు పోసేవాళ్ళు క్యాన్లు పట్టుకొచ్చి మమ్మల్ని లేవమంటున్న వేళకు జవాబు వచ్చింది. ఆ వాక్యం కొట్టేసి, గాలిమర కింది జాగా, దానికి పోయే దారీ మాత్రమే కంపెనీవి, మిగతాదాంట్లో రైతు విత్తుకోవచ్చు, ఎత్తుగా పెరిగే చెట్లు మాత్రం పెట్టకూడదు అని చేత్తో రాయవచ్చన్నారు. లాయరమ్మాయి రాసింది. నేను చదివాను. ముసలవ్వ మళ్ళా చదవమంది, మళ్ళా చదివాను. ఆరిపోయిన వేలిని ఆమె ఇంకోసారి ఇంకులో అద్ది, కాగితం మీద అదిమింది. తరువాత కాగితం నా ముందుకు వచ్చింది. నా పేరు రాస్తున్నప్పుడు నా చేయి వణికిన వణుకు నాకు పాతదే, చిన్నప్పుడు మా నాయన చేతిలో చూసిందే.

ఆ సంతకంతో భయం పోలేదు, అసలు అప్పుడే మొదలైంది. ఎమ్మిగనూరులో కాపురం పెట్టిన తరువాత కూడా, ఆదోనికి బస్సులో పోయినప్పుడల్లా కిటికీలోంచి దూరాన గుట్టలమీద రెక్కలు తిరుగుతున్నాయో లేదో చూసుకునేవాణ్ణి. ఒక రోజు ఒక్కటీ తిరగడం లేదు. కంపెనీ చేతులెత్తేసిందనుకున్నాను, ఆదోనిలో దిగి వేరే బస్సెక్కి, ఆటో మాట్లాడుకుని, ముసలవ్వ గుమ్మం ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డాను. ఆమె తీరికగా బుడ్డలు ఒలుచుకుంటోంది.

"గాలి లేదు సామీ. గాలి లేకుంటే అది ఎట్ల తిరుగుతాది? నువ్వొచ్చినావు గదా, ఊదుపో" అంది. నవ్వి, పిడికెడు బుడ్డలు నా చేతిలో పోసింది. నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోనివాణ్ణి, వాటిని పుచ్చుకున్నాను. నీకు భయం లేదా అవ్వా అని అడిగితే, "నువ్వు బయపడతాండావు గదప్పా, అందుకే నేను నిద్రపోతాండా" అంది.

ఆ మాటకు అర్థం అప్పుడు సగమే తెలిసింది. చదివి వినిపించేవాడంటే ఇంగ్లీషు తెలిసినవాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, కాగితం ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య కూర్చుని, ఇంకొకరి బదులు భయపడేవాడని అర్థం.

ఇప్పుడు ముసలవ్వ లేదు. ప్లీడరుగారు లేరు, ఆయన ఆఫీసు గదిలో ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టారు. మొన్న సౌరవిద్యుత్తు కంపెనీ కుర్రవాడు నాకు ఫోను చేసి, కింద గడి నొక్కితే అయిపోతుంది సార్, మీ చుట్టుపక్కల వాళ్ళందరూ నొక్కేసినారు అన్నాడు. వాళ్ళకు ఎవరు చదివి వినిపించారని అడిగాను. "ఎవరి ఫోనుకు వాళ్ళకే పంపినాం కద సార్" అన్నాడు. మంచి పిల్లవాడే, మర్యాదగానే మాట్లాడాడు. మా చెక్క పక్కనే ఇంకో చెక్క ఉన్న ముసలవ్వ కొడుకును అడిగితే, హాలహర్వి బస్సు కోసం నిలబడి ఉండగానే తానూ నొక్కేశానని, ఏముందో చూడలేదని నవ్వుతూ చెప్పాడు. అతని గొంతులో బెరుకన్నది లేదు. ఆ బెరుకు లేకపోవడమే నన్ను మరింత భయపెట్టింది.

నిన్న పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోను ముందు పెట్టుకుని, ఆ ఒప్పందాన్ని మొదటి నుంచి పైకి చదివి, ఒక్కో వాక్యానికీ తెలుగు చెప్పుకుంటూ పోయాను, ఎదురుగా ఎవరో వేలికి ఇంకు పూసుకుని వింటున్నట్టుగానే. చివరికి వచ్చేసరికి అలవాటుగా, చదివి వినిపించినవాడు సంతకం పెట్టే చోటు కోసం వెతికాను. లేదు. నేను నొక్కాల్సిన గడి ఒక్కటే ఉంది. మా తాత దగ్గర నుంచి ఆ ముసలవ్వ దాకా అందరి భయాలూ మోసినవాణ్ణి నేను, నాకోసం భయపడేవాడు ఆ కాగితంలో ఎక్కడా లేడు. గడి ఇంకా ఖాళీగానే ఉంది.