శెనగ చేను మీద నా ఓణీ

మా చిన్నతనంలో... ఇంట్లో పలుచని తెల్లబట్ట కనబడితే చాలు, నాయనమ్మ చూపు శెనగ చేను మీదికి పోయేది.

చలికాలం పొద్దుగూకే వేళ బట్టను చేను మీద పరిచి వచ్చేది. మంచుకు తడిసి, శెనగ ఆకుల మీది పులుపంతా ఆ బట్టకు పట్టేది. పొద్దున్నే వెళ్ళి గిన్నెలోకి పిండి, సీసాలో పోసి దాచేది. కడుపునొప్పి, అజీర్తి... వాడకట్టులో ఎవరికేమొచ్చినా ఆ సీసానే. దవాఖానకు పోవాలంటే నర్సంపేట దాకా నడవాలి మరి.

అదంతా సరే... కానీ ఆ రాత్రి పరిచింది నా తెల్ల బడి ఓణీ! నాకున్నదే అదొక్కటి. పైగా తెల్లారితే లెక్కల పరీక్ష. ఓణీ లేకుండా వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపే పెద్ద టీచరమ్మ మాది.

పొద్దున నేను దండెమంతా వెతుకుతుంటే నాయనమ్మ చేనులోంచి తాపీగా వస్తోంది. చేతిలో తడిసి ముద్దయిన నా ఓణీ, దాని నిండా మరకలు, ఆకు ముక్కలు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు.

"నీ పాత చీరెలు లేవా నాయినమ్మా? నాదే దొరికిందా?"

"రంగు చీరె పరిస్తె రంగు దిగుతది బిడ్డా. తాగేది కాదా..." అంది, ఏమీ జరగనట్టే.

వాళ్ళమ్మతో మా బాపు గోల ఇంకొకటి. "అవ్వా, పురుగు ముట్టకుంట చెట్టు ఆ పులుపు పూసుకుంటది. నువ్వు రోజు పిండుకపోతె కాయల్ని పురుగు ఇడుస్తదా?"

"మల్ల ఊరుతది తియ్యిరా. జర ఊకో."

నా పరీక్ష సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

అమ్మ ఓణీని ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి, పొయ్యి సెగకు పట్టి, సగం తడితోనే నాకు కట్టింది. పరీక్ష రాస్తున్నంతసేపూ మెడ చుట్టూ ఒకటే మంట, దురద... ఒక చేత్తో రాయడం, ఇంకో చేత్తో గోక్కోవడం. ఆ చెట్టు పురుగును ఎంత సతాయిస్తుందో ఆ రోజు నాకు బాగా తెలిసింది. లెక్కలు గంగలో కలిశాయి. నాయనమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు.

మొన్న చలికాలం ఊరికి పోయినప్పుడు, తమ్ముడి శెనగ చేనులో ఓ ఆకు తుంచి నాలుక మీద పెట్టుకోబోయాను. వాడు గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"నోట్ల పెట్టకక్కా... నిన్ననే పురుగుల మందు కొట్టిన."

ఒళ్ళు మండింది. ఓణీ పాడైందని అప్పుడు అంత ఏడ్చాను... ఇప్పుడు ఎంత మంచి బట్ట పరిచినా దానికి పట్టేది ఆ విషమే కదా.

మీ ఇంట్లో ఎవరి పంచె, ఎవరి ఓణీ ఇట్లా బలైందో చెప్పండి... ఆ పులుపు తాగినవాళ్ళం ఇంకా ఎంతమందిమి మిగిలామో చూద్దాం.