మూపురం మీద చెయ్యి

మా ఇంట్లో ఒంగోలు గిత్తలు ఉండేవి. సాయంత్రం ఉలవలు ఉడికే వాసనకు అవి మెడలెత్తి చూసేవి. తాతగారు ఒక్కొక్కదాన్ని నడిపించి చూసేటప్పుడు కుర్చీ వేయించుకునేవారు కాదు. పశువు నిలబడి ఉంటే మనం కూర్చోవడం మర్యాద కాదనేవారు. కోర్టు వ్యవహారాల్లో భూములు పోయాయి, వాటి వెనకే గిత్తలూ పోయాయి. నిటారుగా నిలబడే అలవాటు మాత్రం నాకు మిగిలింది.

ఆ నిలబడడంతోనే దేశం దాటి వచ్చి, హామిల్టన్ అనే ఊరి బయట ఒక మాంసం ఫ్యాక్టరీలో నేల కడిగే పనిలో చేరాను. నేను మాంసం ముట్టనన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. సీజన్ అయిపోగానే కడిగేవాళ్ళను ఇంటికి పంపేస్తారు. కళేబరాల కొవ్వు చూసి తరగతి చెప్పే గ్రేడర్లకైతే ఏడాదంతా పని. ఆ పరీక్షకు పేరిచ్చాను. తప్పితే ఆ చలికాలమంతా జీతం లేదు.

నేర్పింది ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగావిడ. మేడమ్ అంటే ఒప్పుకోలేదు, ఆంటీ అనమంది. నా ఇంటి సంగతి విని పకపకా నవ్వింది.

"అయితే నువ్వు జమీందార్ బాబువా! మీలాంటోళ్ళ పన్నులకి భయపడే మా ముత్తాత ఫిజీ షిప్ ఎక్కేసినాడు. ఇప్పుడు నువ్వు నా కింద ట్రైనింగ్. బాగుంది కదా?"

"పన్నులు వేసింది తెల్లదొరలండీ, మేం కాదు."

"అవునవును, అందరూ అదే చెప్తారు. ఇటు చూడు. దీనికి కొవ్వు ఎంత?"

ఎదురుగా వేలాడుతున్నది బక్కపల్చని జెర్సీ ఆవు కళేబరం. వీపు మీద పొర లేదు. తక్కువే అన్నాను. ఆవిడ దాన్ని ఇటు తిప్పింది. లోపల మూత్రపిండాల చుట్టూ పసుపుపచ్చని కొవ్వు గడ్డకట్టి ఉంది.

"పాల జాతి బాబూ. లోపల దాస్తుంది. పక్కన ఆంగస్ చూడు, మాంసం జాతి, చర్మం కింద దుప్పటి కప్పుకున్నట్టు వేసుకుంటుంది, కండలో కూడా నూలు పోగుల్లా. ఒకే పచ్చిక తిన్నా ఎక్కడ దాచాలో జాతే చెప్తుంది."

అప్పుడు మా గిత్తలు గుర్తొచ్చాయి. ఎన్ని ఉలవలు పెట్టినా వాటి వీపు మీద కొవ్వు నిలిచేది కాదు. పలచని చర్మం కింద కండ కదలడం కనిపించేది. అదంతా రోషమని మా ఇంట్లో అనుకునేవాళ్ళం. జాతి లక్షణమని హామిల్టన్ ఉన్న ఈ వైకాటో ప్రాంతంలో తెలిసింది.

పరీక్ష రోజు గొలుసు మీద ఒక్కో కళేబరం వస్తోంది. నేను చెబుతున్నాను, ఆవిడ టిక్కు పెడుతోంది. చివరిది దగ్గరికి వచ్చింది. మెడ వెనక మూపురం. ఈ దేశంలోనే ఉత్తరం వైపు ఫారం నుంచి వచ్చిన, బ్రాహ్మన్ అనే పశుజాతి సంకరమట. మా వైపు నుంచి సముద్రం దాటిన పశువుల రక్తమే అందులో ఉంది. వీపు మీద పలచని పొర, లోపలా తక్కువే. సరిగ్గానే చెప్పాను. చెబుతూనే ఎడమచెయ్యి మూపురం మీద వేసి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాను. మా ఇంట్లో గిత్త ముందు నిలబడ్డ ఎవరైనా చేసే పని అది.

శుభ్రత నియమం ప్రకారం గ్లవ్ కావాలని ముఖానికి తగిలిస్తే అక్కడ పరీక్ష పోయినట్టే. ఆవిడ పెన్ను ఆపింది. పక్కనున్న మేనేజర్‌కు వినపడకుండా తెలుగులో అంది:

"చెమట తుడుచుకున్నావు కదా? పొరపాటున అని చెప్పు. గ్లవ్స్ మార్చుకో, మళ్ళీ మొదలుపెడదాం."

"పొరపాటు కాదండీ."

"అయ్యో, మొండివాడా! ఒక్క ముక్క చెప్పడానికేం?"

"దానికి నమస్కారం పెట్టి, పెట్టలేదని ఎలా చెప్పనండీ?"

ఆవిడ ముఖంలో కోపమో, ఇంకేమో తెలియలేదు. తర్వాత కాగితం మీద అడ్డంగా గీత గీసింది.

ఆ చలికాలం నా భార్య జీతంతో గడిచింది. వసంతంలో ఫ్యాక్టరీ మళ్ళీ పిలిచింది. నీళ్ళ గొట్టం అందుకుంటుంటే ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈసారి కూడా పెడతావా నమస్కారం?"

"పెడతానండీ. బయటికొచ్చి, గ్లవ్స్ తీసేశాక."

"అట్లా అయితే రా," అంది, "శుక్రవారం పరీక్షకి నీ పేరు రాస్తున్నా."