పరుపు కింద దొరికింది

ఇరవై ఏళ్ల పైమాట. అప్పటినుంచీ ఈ బరువు మోస్తున్నాను. దించుకోవడానికి మనిషి దొరకలేదు. దొరికినా నోరు పెగిలేది కాదేమో. నేనెవరో మీకు తెలియదు కాబట్టి ఈ ధైర్యం.

అప్పట్లో మా కాపురం తెనాలిలో. దసరా ముందు అత్తయ్యగారు పరుపులు ఎండలో వేయిస్తుంటే, నా పరుపు కింద కాగితం పొట్లం ఒకటి దొరికింది. అందులో అంగుళం పైచిలుకు తెల్లటి పుల్లలాంటిది. పైన అడ్డంగా రెండు చేతులు, ఒంటినిండా చుట్టిన రాగి తీగ, కింద రెండు దారప్పోగులు. ఇంట్లో ఎవరూ అలాంటిది చూసి ఎరగరు. మావారు ఏ రేడియోలోదో అన్నారు. పక్కింటావిడ ముట్టుకోవద్దంది.

అది కాపర్-టి. నాది.

రెండో కాన్పులో చచ్చి బతికాను. అత్తయ్యగారేమో మనవడి కోసం మొక్కని దేవుడు లేడు. మూడోది నావల్ల కాదని చెప్పుకోగలిగే ఇల్లు కాదు మాది. కొలకలూరులో పుట్టింటికి వెళ్తున్నానని చెప్పి, ఆస్పత్రికి పోయి వేయించుకున్నాను. ఆ పేరు వినని ఆడది ఊళ్లో లేదు. కానీ లోపల ఉండేదాన్ని ఎవరు చూస్తారు? అది దానంతటదే జారిపోతే, డాక్టరమ్మకు చూపిద్దామని దాచాను. దాచడానికి పరుపు కిందే దొరికిందా నాకు?

అత్తయ్యగారు దాన్ని నగరం అనే ఊరి దగ్గర చేతబడులూ అవీ చూసి చెప్పే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. సంతానం కలగకుండా వేసిన కట్టు అన్నాడట. ఇంట్లో ఆడమనిషి పనేనన్నాడట. రెండు మాటలూ నిజమే. నవ్వాల్సిన సంగతే, నేను మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇంట్లో ఇంకో ఆడమనిషంటే చిన్నత్తయ్యే. మామగారి తమ్ముడి భార్య. పిల్లలు లేరు. భర్త పోయాక రేపల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేది. మా ఆడపిల్లలిద్దరికీ తలంటేది, జడలు వేసేది, నా గది ఊడ్చేది. ఆ గది ఊడ్చడమే ఆమె నేరమైంది.

నేను బియ్యం కడుగుతుంటే పక్కకొచ్చి నిలబడింది.

“అదేంటో నాకు తెలీదే అమ్మాయ్. ఒట్టు. నీకేమన్నా తెలుసా?”

“తెలీదు చిన్నత్తయ్యా.”

“అవున్లే. తెలిస్తే చెప్పేదానివేగా.”

మూడో రోజు ఆమె బట్టలు సంచీలో సర్ది చేతికిచ్చి, బాపట్లలో ఆమె తమ్ముడి ఇంటికి పంపేశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు తెరిస్తే ఆ సంచీ నా చేతికి వచ్చేది, నా పిల్లలు వాళ్ల దగ్గర మిగిలేవారు. ఇది కారణమా, సాకా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మళ్లీ వేయించుకునే ధైర్యం లేకపోయింది. ఏడాది తిరిగేసరికి బాబు పుట్టాడు. అడ్డు తొలగాక పుట్టడంలో వింతేముంది? అత్తయ్యగారు మాత్రం కట్టు తెగిందని చుట్టాలందరికీ చెప్పారు. నా బిడ్డే చిన్నత్తయ్య మీద సాక్ష్యమైపోయాడు.

బాబుకు ఆరో నెలలో బాపట్ల పెళ్లికి వెళ్లినప్పుడు ఆమె దగ్గరికి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. బాబును ఒళ్లో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకుంది.

“వద్దే. నేనక్కణ్ణుంచి వచ్చేశాకే వీడు పుట్టాడంటే, నాలోనే ఏదో దోషం ఉండుంటుంది. నాకు తెలీకుండానే ఏం చేశానో ఏంటో.”

బాబును మళ్లీ భుజాన వేసుకున్నాను. ఆమె ఇచ్చిన కాఫీ తాగాను. బస్సెక్కాను.

ఆమె అలా నమ్ముతూనే పోయింది. క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఆమె బదులు మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకూ లేదు. ఒక్క మాట మాత్రం ఎవరో ఒకరికి చెప్పాలి.

చిన్నత్తయ్య ఏమీ చేయలేదు.