లకుముకి గూడు పెట్టిన ఒడ్డు

మోతె ఊరి కుమ్మరి గోపమ్మ పెనిమిటి బుచ్చయ్య ఇల్లు విడిచి ఏడాదైంది. కావడి నిండా కుండలతో కోదాడ అంగడికి వెళ్ళినవాడు, రజాకార్ల గొడవలో జనంతోపాటు జగ్గయ్యపేట దిక్కు నిజాం సరిహద్దు దాటాడని ఎవరో చెప్పారు. అంతే కబురు. తర్వాత ఇండియా పటాలం వచ్చింది, గొడవ అణిగింది, వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళు చేరారు. బుచ్చయ్య రాలేదు.

వాకిట్లో కుండలు చేసే సారె ఆగిపోయింది. కుమ్మరింట ఆడది సారె తిప్పరాదు. అయినా గోపమ్మ రోజూ దాని దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, దండం పెట్టుకునేది. పొరుగింటి కాటమ్మ గిన్నెడు జొన్న గటక గడపలో పెట్టి, "మాకు ఎక్కువైంది" అని అబద్ధమాడి పోయేది. దేవుడు అట్లాంటి అబద్ధాలు లెక్కపెట్టడు.

ఉగాది వెళ్ళాక మిర్యాలగూడ నుంచి మరిది సైదులు బండి కట్టుకొని వచ్చాడు.

"వదినా, సారె ఊకె పడుంటే పాపం. నేను తీస్కపోత. నువ్వు గూడ రా, మాతోనే ఇంత తిని ఉండు."

చెడ్డవాడు కాదు. కానీ సారె కదిలితే, మొగుడిక రాడని తానే ఒప్పుకున్నట్టు. ఆ మాట నోట రాక గోపమ్మ, "వాగొడ్డున మీయన్న మట్టి తవ్విన కాడ లకుముకి పిట్టలు బొక్క జేసి పొదుగుతున్నయి. పిల్లలు ఎగిరిపోనీ, అప్పుడు సూద్దాం" అంది.

"పిట్టలకూ సారెకూ ఏం సుట్టరికం!" అని నవ్వి, సైదులు ఖాళీ బండి తోలుకుపోయాడు.

ఆమె పొద్దంతా ఆ ఒడ్డునే కూర్చునేది. ఒకనాడు మిషన్ బడి పాపయ్య పంతులు అటు వచ్చి, పిట్టను చూసి ఆగాడు.

"గ్రీకుదేశపోళ్ళు దీని కత చెప్తరమ్మా. ఆల్కియోని అని ఒకామె. మొగడు పడవ మునిగి పోయిండు. ఆమె సముద్రం ఒడ్డుకు ఎదురువోయి, ఏడ్చి నీళ్ళల్ల దుంకింది. దేవతలు జాలిపడి ఇద్దర్నీ ఈ పిట్టల్ని జేసిన్రు. దొరలు పిట్టల జాతులు రాసుకున్న పుస్తకంల ఇప్పటికీ ఆమె పేరే ఉంది."

"కలిసిన్రా పంతులూ?"

"కలిసిన్రు. పిట్టలై."

"ఏదైతేంది, కలిసిన్రు గద." పిట్టల బొక్క దిక్కు చూస్తూ అంది, "ఆమె ఇంట్ల కూసోలే. ఎదురువోయింది."

వైశాఖంలో పిల్లలు ఎగిరిపోయాయి. మర్నాడే గోపమ్మ మట్టి తవ్వి, తడిపి, తొక్కి ముద్ద చేసింది. సైదులు బండితో వచ్చేసరికి సారె పక్కన మట్టి సిద్ధంగా ఉంది.

"సారె కదలదు సైదులూ. నువ్వే కదులు. పదిరోజులకోపాలి వచ్చి తిప్పిపో. అంగడికి నేను పోత."

సైదులు తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకొని, సారె ముందు కూర్చున్నాడు.

సైదులు చేసిన కుండల మెడల మీద, బుచ్చయ్య పెట్టినట్టే, మూడు వేళ్ళ గుర్తులు గోపమ్మ ఒత్తింది. కాల్చాక గంప నెత్తినెత్తుకొని కోదాడ అంగడికి నడిచింది. అన్నీ అమ్మేశాక మిగిలిన పెద్ద కుండను, అంగడికి వచ్చిన జగ్గయ్యపేట బండాయన చేతికిచ్చింది.

"ఎవరికివ్వాలమ్మా?" అన్నాడతను.

"ఎవ్వరికీ ఇయ్యకు నాయనా. ఎండలు మండుతున్నయి. మీ బజార్ల చలివేంద్రంల పెట్టి, నీళ్ళు పొయ్యి. దూప తీరేటోళ్ళ పున్నెం నీకు. మూడు వేళ్ళ గుర్తు ఎరిగినోడు ఎవరన్న వస్తే, సారె ఉన్నకాడనే ఉందని చెప్పు."

బండాయన పై కండువా కుండకింద చుట్టగా పెట్టి, దాన్ని పదిలంగా కూర్చోబెట్టాడు. బండి తూర్పుకు కదిలింది. దుమ్ము అణిగేదాకా గోపమ్మ అక్కడే నిలబడింది.