కెమెరా కింద ఉడికిన గుడ్డు

ఆ రోజుల్లో నేను ఏ పుస్తకం చదివితే ఆ పుస్తకంలోనే కాపురం ఉండేవాణ్ణి. కాలేజీ చదువు పెద్దగా ఒంటబట్టలేదు గాని, గ్రంథాలయం బల్ల ముందు కూర్చుని సంపాదించుకున్న జ్ఞానం బోలెడుందని గట్టి నమ్మకం (ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి). గచ్చిబౌలిలో ఫోన్లెత్తే ఉద్యోగంలో చేరి, మణికొండలో మగపిల్లల హాస్టల్లో దిగాను. అంత పెద్ద ఊళ్లో నాకంటూ ఉన్న మనిషి ఒక్కడే, నా గదిలో ఉండే సిద్దిపేట అన్న. ఉద్యోగం సంగతి చెప్పిందీ, హాస్టల్లో మంచం ఇప్పించిందీ, జ్వరమొస్తే దవాఖానకు మోసుకుపోయిందీ అతనే.

అప్పుడే ఒక నవల దొరికింది. అందులో ప్రభుత్వం గోడల్లోంచి మనుషుల్ని చూస్తూనే ఉంటుంది. ఎవరి మొహంలో ఏ రంగు మారినా కనిపెడుతుంది. నన్ను వణికించింది మాత్రం అది కాదు. కథానాయకుణ్ణి చివరికి పట్టించేది వాడి ప్రాణస్నేహితుడే. పుస్తకం మూసి భోజనాల గదిలోకి వెళితే పైన మూలన కెమెరా, దానికో స్పీకరు. భీమవరం నుంచి వచ్చి హాస్టలు పెట్టుకున్న ఆంటీ కింది అంతస్తులో కూర్చుని ఫోన్లో చూస్తూ, "నీలం చొక్కా అబ్బాయ్, గుడ్డు మనిషికొకటే నాయనా, రెండోది పెట్టెయ్" అని అశరీరవాణిలా పలికేది. అదివరకు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ముద్ద దిగడం మానేసింది.

"అన్నా, ఇవాళ మన గుడ్లు చూస్తారు, రేపు మన ఆలోచనలు చూస్తారు" అన్నాను.

"జర చారు పోస్కో తమ్మీ, సల్లగైతున్నది" అన్నాడు అన్న.

ఒక ఆదివారం పొద్దున్నే, ఎవరూ లేవకముందు, తీగ మీద చేతికందిన లుంగీ ఒకటి మొహం కనపడకుండా చుట్టుకుని, కుర్చీ ఎక్కి కెమెరాను గోడవైపు తిప్పేశాను. విప్లవం ముగించి లుంగీ విప్పి చూస్తే, అది హాస్టలంతటికీ తెలిసిన అన్న ఆకుపచ్చ గళ్ల లుంగీ.

టిఫిను వేళకే ఆంటీ అన్నను కిందికి పిలిపించింది. నేను మెట్ల మీద నక్కి చూస్తున్నాను. ఆవిడ ఫోన్ చూపించింది. అన్న చూశాడు, తల గోక్కున్నాడు, ఏదో చెప్పాడు. ఆవిడ నవ్వింది. ఇంకేముంది, నవలలో చివరి అధ్యాయం వచ్చేసింది! గదికి పరుగెత్తి బట్టలు సర్దుకుని, సంచితో సహా ఆవిడ ముందు నిలబడ్డాను.

"నేనే తిప్పాను. నన్ను గెంటేయొచ్చు, నా మనసులోకి మాత్రం మీరు రాలేరు."

ఆంటీ కళ్లజోడు సర్దుకుంది. "నీ మనసుతో నాకేం పని నాయనా? బూజు దులుపుతుంటే కెమెరా తిరిగిపోయిందని, తప్పు తనదేనని మీ అన్న చెప్పాడుగా. ఎంత శుభ్రమైన పిల్లాడో అని రెండు గుడ్లు కూడా ఇచ్చాను."

అన్న నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు, జాలి. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, హాస్టలంతా నిజంగానే బూజు దులపమని తీర్పు చెప్పింది. దులుపుతూ అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని.

"నీ పుస్తకంల దోస్తులు గట్ల చెప్తరేమో తమ్మీ. మేం చెప్పం" అని, బూజుకర్ర కిందికి దింపి, "సంచి గూడ సదురుకున్నవా? నేను చెప్తననుకున్నవా?" అన్నాడు. దుమ్ము కళ్లలో పడిందన్నాను.

ఇప్పుడు గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటుకి గేటు దగ్గరో కెమెరా, లిఫ్టులో ఇంకొకటి. జేబులోని ఫోను సంగతి సరేసరి. ఆ నవల చెప్పిందాంట్లో చాలా మటుకు నిజమే అయింది, కాదనను. కానీ సంచి పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పైనుంచి తననెవరు చూస్తున్నారో అంత జాగ్రత్తగా కనిపెట్టినవాడు, పక్క మంచం మీది మనిషిని ఒక్కసారి సరిగా చూడలేదు.